బస్తా అందరిదీ, కేసు ఎవరిదీ కాదు: నకిలీ పత్తి విత్తనాల దాడులు కోర్టులో ఎందుకు వీగిపోతున్నాయి

మే నెల చివరి వారం. రోహిణి కార్తె ఎండలు. రాత్రి పదకొండు దాటాక దేవరకొండ వైపు ఒక రోడ్డు మీద పోలీసులు ట్రాలీ ఆటోను ఆపారు. పైన ఉల్లిగడ్డ బస్తాలు, వాటి కింద తెల్ల సంచుల్లో పత్తి విత్తనాలు. సంచి మీద పేరు లేదు, లాట్ నంబరు లేదు, డ్రైవర్ దగ్గర బిల్లు లేదు. అప్పట్లో నేను విలేకరిగా పనిచేస్తున్నాను. కబురు తెలిసి వెళ్లేసరికి జీపు లైట్ల వెలుతురులో ఒక కానిస్టేబుల్ సంచి మూతి విప్పి గింజలు అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు. గింజలకు పూసిన గులాబీ రంగు మందు అతని చేతికి అంటుకుంది. "ఇది చూస్తే కంపెనీ విత్తనమే అనుకుంటడు సార్ రైతు" అన్నాడు.

ఎస్సై మండల వ్యవసాయ అధికారి(ఏవో)కి ఫోన్ చేశాడు. ఆ ఏవో పక్క మండలానికి కూడా ఇన్‌ఛార్జి. ఊరు దూరం, రాత్రిపూట బండి లేదు. పొద్దున ఏడింటికి వచ్చాడు. అప్పటికే సంచులు స్టేషన్ వరండాకు చేరాయి, పంచులు, అంటే పంచనామా సాక్షులు, సంతకాలు పెట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. ఏవో ఆ వరండాలోనే శాంపిల్ తీశాడు, లక్క కరిగించి సీలు వేశాడు. మధ్యాహ్నం ప్రెస్‌మీట్ పెట్టారు. నేనూ వార్త రాశాను, ఫొటో వచ్చింది.

మూడేళ్ల తర్వాత ఆ కేసు కోర్టులో విచారణకు వచ్చింది. నిందితుడి తరఫు వకీలు పెద్ద వాదనేమీ చేయలేదు. "శాంపిల్ తీసిన సంచీ, రోడ్డు మీద పట్టుకున్న సంచీ ఒకటేనని మీకెలా తెలుసు?" అని ఏవోను అడిగాడు. "నేను వచ్చేసరికి సంచులు స్టేషన్‌లో ఉన్నాయి" అని ఆయన నిజమే చెప్పాడు. కేసు కొట్టేశారు.

ఆ రాత్రి ఎవరూ తప్పు చేయాలని చేయలేదు. ఎస్సై నిద్ర మానుకుని బండి పట్టుకున్నాడు. ఏవో వీలైనంత త్వరగా వచ్చాడు. ఎవరి పని వాళ్లు చేశారు, కానీ రెండు పనులకూ మధ్య ఎనిమిది గంటల సందు ఉండిపోయింది. నిందితుడు ఆ సందులోంచే బయటపడ్డాడు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పత్తి ఎంత వేస్తారో అందరికీ తెలుసు. నడిగడ్డలో, అంటే గద్వాల ప్రాంతంలో, పత్తి విత్తనమే పంట. అలాంటి చోట ఈ సందు ఎక్కడెక్కడ ఉందో, ఎలా పూడ్చాలో అర్థం చేసుకోవాలంటే ముందు ఒక్క సంచి మీద ఎన్ని చట్టాలు వాలతాయో చూడాలి.

పోలీసు కంటికి ఆ సంచి మోసం. 2024 జులై 1 నుంచి 420 సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది, శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. బండిని వెంటాడటం, సరుకు స్వాధీనం చేసుకోవడం, కాల్ డేటా తీయడం, గొలుసు పట్టుకుని పై వాడి దాకా వెళ్లడం పోలీసులకే సాధ్యం. కానీ గింజ మంచిదా కాదా అన్నది పోలీసు చెప్పలేడు. విత్తన చట్టం కింద చెల్లే శాంపిల్ తీసే అధికారం అతనికి లేదు.

ఆ అధికారం సీడ్ ఇన్‌స్పెక్టర్‌ది, అంటే మన దగ్గర ఏవో, ఆ పై అధికారులది. 1966 విత్తన చట్టం ప్రకారం ఏవో దుకాణంలోకి వెళ్లవచ్చు, శాంపిల్ తీయవచ్చు, 30 రోజుల దాకా అమ్మకం ఆపవచ్చు. శాంపిల్ తీస్తున్నానని ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తీసినదాన్ని మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి సరుకు యజమానికి, ఒకటి ల్యాబుకు, ఒకటి తన దగ్గర. ఇంత పద్ధతిగా చేసి గెలిస్తే, ఆ చట్టం కింద మొదటిసారి దొరికినవాడికి పడే జరిమానా 500 రూపాయలకు మించదు. 2025లో ఒక్క బీటీ పత్తి ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఊరంతటినీ ముంచినవాడికి ఒక ప్యాకెట్ ధర కన్నా తక్కువ జరిమానా! పైగా ఆ చట్టంలోని నాణ్యత నిబంధన నోటిఫై చేసిన, అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన రకాలకే వర్తిస్తుంది. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పత్తి విత్తనాలకు విడిగా ఒక చట్టం తెచ్చారు, తెలంగాణలోనూ అది నడుస్తోంది.

కాస్త పదునైనది నిత్యావసర వస్తువుల చట్టం. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు దీని కిందే వచ్చింది. లైసెన్సు లేకుండా అమ్మితే ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది. సరుకును జప్తు చేసే అధికారం 6ఏ సెక్షన్ కింద కలెక్టర్‌ది. అంటే ఇక్కడ మూడో శాఖ రావాలి. ఇక గడ్డి మందును తట్టుకునే, అనుమతి లేని బీటీ-3 పత్తి విషయానికొస్తే పర్యావరణ పరిరక్షణ చట్టం ఉంది. గతంలో దాని కింద జైలుశిక్ష కూడా ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో అది పోయి జరిమానా మిగిలింది.

ఒక్క సంచికి ఇన్ని తాళాలు. ఒక్కో తాళంచెవి ఒక్కో ఆఫీసులో ఉంది. ప్రతి వానాకాలానికి ముందు వ్యవసాయ, పోలీసు, రెవెన్యూ శాఖలతో టాస్క్‌ఫోర్స్ బృందాలు వేసేది వీటన్నిటినీ ఒక చోటికి తేవడానికే. ఆలోచన సరైనదే. అయితే బృందం పట్టుకునే దాకానే బృందంగా ఉంటోంది. పట్టుకున్న మర్నాటి నుంచి ఎవరి ఫైలు వాళ్లదే.

నేను గమనించిన అసలు చిక్కు ఇంకొకటుంది. "నకిలీ" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు నేరాలను కలిపేస్తున్నాం.

మొదటిది ఫెయిల్ విత్తనం. గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు వైపు రైతులు ఆర్గనైజర్లనే మధ్యవర్తుల ద్వారా కంపెనీలకు విత్తన పత్తి పండిస్తారు. ఇంటిల్లిపాదీ మొగ్గ మొగ్గనూ చేత్తో గిల్లి క్రాసింగ్ చేసే పంట అది. పండిన విత్తనాన్ని కంపెనీ జీవోటీకి పంపుతుంది, అంటే నమూనాను పొలంలో మొలిపించి జన్యు స్వచ్ఛత చూసే పరీక్షకు. అందులో తప్పిన లాట్లను కంపెనీ కొనదు. ఆ విత్తనం నూనె మిల్లుకు పోవాలి. పోకుండా దారిలో రంగు పూసుకుని, సంచి మార్చుకుని సంతకు చేరితే అది ఫెయిల్ విత్తనం. ఇలాంటిది మొలుస్తుంది కూడా. కాయ పట్టే దాకా తేడా తెలియదు.

రెండోది పేరున్న కంపెనీ ప్యాకెట్‌ను అచ్చుగుద్ది అమ్మడం. ఇది అచ్చమైన మోసం, పోలీసు కేసుకు బాగా ఆనుతుంది. ప్రింటింగ్ ప్రెస్, కవర్లు, సీలింగ్ మెషిన్ అన్నీ సాక్ష్యాలే.

మూడోది బీటీ-3, గడ్డి మందు కొట్టినా చావని పత్తి. మన దేశంలో బీటీ పత్తికి 2002లో, దాని రెండో తరానికి 2006లో అనుమతి వచ్చింది. ఈ మూడోదానికి రాలేదు. కానీ దీన్ని కొనే రైతు చాలాసార్లు తెలిసే కొంటాడు. కలుపు కూలి భరించలేక కొంటాడు. విత్తనం బాగానే మొలుస్తుంది. ఇక్కడ మోసం కేసు పెడితే "ఎవరిని మోసం చేశాడు?" అన్న మొదటి ప్రశ్నకే కేసు తడబడుతుంది. ఇక్కడ నేరం అనుమతి లేకపోవడం, లైసెన్సు లేకపోవడం.

ఈ తేడా ల్యాబుకు రాసే ఉత్తరంలోనే కనపడాలి. బీటీ-3 శాంపిల్ పంపుతూ మొలక శాతం మాత్రమే అడిగితే ల్యాబు మొలక శాతమే చెబుతుంది, అది ప్రమాణానికి తగ్గట్టే ఉంటుంది. అప్పుడు ప్రభుత్వ ల్యాబు రిపోర్టే నిందితుడికి సాక్షి అవుతుంది. గడ్డి మందును తట్టుకునే జన్యువు ఉందా అని అడగాలి. ఫెయిల్ విత్తనమైతే జన్యు స్వచ్ఛత అడగాలి. అయితే ఏది అడగాలో ఏవోకు తెలియాలంటే విచారణలో డ్రైవర్ ఏం చెప్పాడో పోలీసులు ఆయనకు చెప్పాలి. సరుకు ఎక్కడ ఎక్కించారు, ఎవరికి పోతోంది, ఏమని చెప్పి అమ్ముతున్నారు అన్న మూడు ముక్కలు చాలు. ఆ మూడు ముక్కలే స్టేషన్ గడప దాటి రావు.

ఎందుకు రావు? ఇందులో నేను ఎవరినీ నిందించలేను. పోలీసులకు భయం ఉంటుంది. ముందే నలుగురికి చెబితే దాడి సంగతి లీకవుతుందని భయపడతారు. చిన్న ఊళ్లలో ఆ భయం ఉత్తిది కాదు. ఏవో రోజూ మాట్లాడే డీలర్, దాడి చేయాల్సిన డీలర్ ఒక్కడే అయి ఉండవచ్చు. ఏవో వైపు నుంచి చూస్తే మే, జూన్ నెలలు ఊపిరాడని కాలం. యూరియా లైన్లు, పెట్టుబడి సాయం దరఖాస్తులు, రైతు వేదికలో మీటింగులు, పై నుంచి రోజుకో రిపోర్టు. దానికి తోడు తాను తీసిన ప్రతి శాంపిల్‌కూ ఏళ్ల తరబడి కోర్టుకు తిరగాలి. బదిలీ అయి వేరే జిల్లాకు పోయినా సమన్లు వెంటాడతాయి. తహశీల్దార్ ఆఫీసుకు ఇది వంద పనుల్లో ఒకటి.

వీటన్నిటి కన్నా పెద్దది లెక్క. ఏ శాఖను అడిగినా ఎన్ని క్వింటాళ్లు పట్టుకున్నామో, విలువెంతో, ఎన్ని కేసులు పెట్టామో చెబుతారు. ఆ కేసుల్లో ఎన్నిట్లో శిక్ష పడిందని అడగండి. పోలీసులు ల్యాబు రిపోర్టు రాలేదంటారు. వ్యవసాయ శాఖ ఆ కేసు పోలీసులదంటుంది. స్వాధీనం చేసుకున్నప్పుడు నలుగురూ ఫొటోలో ఉంటారు, కేసు కొట్టేసిన రోజు కోర్టు హాల్లో ఒక్క కోర్టు కానిస్టేబుల్ ఉంటాడు.

జిల్లాలు చిన్నవయ్యాక ఇంకో సందు తెరుచుకుంది. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయాయి. 2019లో నారాయణపేట వచ్చింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి వేరయ్యాయి. పాలన జనానికి దగ్గరైంది, అది మంచిదే. కానీ ఒకప్పుడు ఒక్క ఎస్పీ కింద ఉన్న దారి ఇప్పుడు ఇద్దరు ముగ్గురి మధ్య పంచబడింది. గద్వాలలో పండి, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా దేవరకొండ చేరే విత్తనం మూడు జిల్లాలు దాటి నాలుగోదానికి వస్తుంది. దేవరకొండలో పట్టుకున్న సంచి గద్వాలలో గింజ మీది నూగు తీసే ఏ డీలింటింగ్ యూనిట్ నుంచి వచ్చిందో కనుక్కోవాలంటే ఇంకో జిల్లా పోలీసులను, ఇంకో జిల్లా వ్యవసాయ అధికారిని కదిలించాలి. ఎక్కువ కేసులు డ్రైవర్ దగ్గరా, ఊరి ఏజెంట్ దగ్గరా ఆగిపోయేది అందుకే.

రాష్ట్ర సరిహద్దు మరీ దగ్గర. జాతీయ రహదారి 44 మీద తుంగభద్ర దాటితే కర్నూలు. కేటీదొడ్డి మండలం నందిన్నె దాటినా, నారాయణపేట జిల్లా కృష్ణ మండలం దాటినా రాయచూరు. నల్లగొండ వైపు వాడపల్లి దగ్గర కృష్ణమ్మను దాటితే పల్నాడు. సీజన్‌లో చెక్‌పోస్టులు పెడతారు. కానీ చెక్‌పోస్టులో నిలబడ్డవాడికి అవతలి వైపు నుంచి కబురు అందకపోతే అతను చూసేది బండి పైన ఉన్న ఉల్లిగడ్డలనే. ఈ మధ్య బస్సు పార్సిళ్లు, కొరియర్లు వచ్చాక రెండు మూడు కిలోల పొట్లం బట్టల పార్సిల్‌లా పోతోంది. దానికి చెక్‌పోస్టు చాలదు, పార్సిల్ ఆఫీసు గుమస్తాతో పరిచయం కావాలి.

కేసు నిలబడదన్న అనుభవంతోనే పోలీసులు పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం వైపు చూస్తున్నారు. 1986 నాటి ఆ చట్టంలోకి విత్తన నేరగాళ్లను కూడా చేర్చారు. విచారణ లేకుండానే ఏడాది దాకా జైల్లో ఉంచవచ్చు. రైతు కడుపుమంట చూస్తే ఇదే సరైనదనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ తెలంగాణలో ఈ చట్టాన్ని మామూలు నేరాలకు ఇష్టమొచ్చినట్టు వాడటాన్ని సుప్రీంకోర్టు 2022లోనూ 2023లోనూ గట్టిగా తప్పుబట్టింది. పీడీ యాక్టు పెడితే ఒక సీజన్ గడుస్తుందేమో, నేరం మాత్రం రుజువు కాదు. ఏడాది తర్వాత ఆ మనిషి బయటికి వచ్చేసరికి అసలు కేసు ఫైలు అక్కడే ఉంటుంది, అవే ఖాళీలతో.

కాబట్టి సమన్వయం అంటే ఇంకో కమిటీ, ఇంకో వాట్సాప్ గ్రూపు అని నేననుకోవడం లేదు. అవి ఇప్పటికే ఉన్నాయి. కావలసింది చిన్న చిన్న ఏర్పాట్లు.

అన్నిటికన్నా ముందు, సీడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా సంచి కదలకూడదు. ఇది జరగాలంటే మే మధ్య నుంచి జులై మధ్య దాకా డివిజన్‌కు ఒక సీడ్ ఇన్‌స్పెక్టర్‌ను రాత్రి డ్యూటీలో ఉంచాలి, బండి పోలీసులు పంపాలి. ఎక్కడికి వెళ్తున్నామో ముందు చెప్పనక్కర్లేదు, జీపు ఎక్కాక చెబితే చాలు. లీకు భయమూ తీరుతుంది. నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలంటోంది. ఆ వీడియోలో సంచి విప్పడం, శాంపిల్ తీయడం, లక్క సీలు పడటం వరసగా, తెంపు లేకుండా ఉంటే మా ఏవోను అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

శాంపిల్ తీశాక అసలు శత్రువు కాలం. గింజ ప్రాణమున్నది. ఏవో ఆఫీసు బీరువాలో రెండు ఎండాకాలాలు గడిపిన మూడో భాగం మొలవదు. నిందితుడు తిరిగి పరీక్ష కోరితే కోర్టు ఆ శాంపిల్‌ను వారణాసిలోని కేంద్ర విత్తన ప్రయోగశాలకు పంపవచ్చు. పంపేది చచ్చిన గింజ అయితే ఆ హక్కుకు అర్థం లేదు. పురుగుమందుల విషయంలో ఇలాగే గడువు దాటిపోయి మళ్లీ పరీక్ష చేయించుకునే అవకాశం పోయిందని హర్యానాలో ఒక కేసు కొట్టేయడాన్ని 1999లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే శాంపిల్ ల్యాబుకు వెళ్లిన తేదీ, రిపోర్టు రావలసిన తేదీ, ఛార్జిషీటు వేయాల్సిన తేదీ ఒకే కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఒకరి చేతిలో ఉండాలి.

ఆ ఒకరు ఎవరన్నదే నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ఇరుసు. డివిజన్ స్థాయిలో ఏడీఏ (సహాయ వ్యవసాయ సంచాలకుడు) ఒకరినీ, పోలీసు వైపు ఒక ఇన్‌స్పెక్టర్‌నూ జతగా పేరు పెట్టి నియమించాలి. తీర్పు వచ్చేదాకా ఫైలు ఆ జతదే. ఒకరు బదిలీ అయితే సంతకం పెట్టి మరొకరికి అప్పగించాలి. ఛార్జిషీటు వేసే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఒక్కసారి చూపాలి. ఏ చట్టం ఏ సరుకుకు ఆనుతుందో చెప్పేది ఆయనే. జిల్లా సమీక్షలో "ఎన్ని క్వింటాళ్లు?" అని అడిగే కలెక్టర్, ఎస్పీ దానితోపాటు "పోయినేడాది కేసులు ఎక్కడున్నాయి?" అని అడిగితే సగం జడత్వం వదులుతుంది.

గద్వాల విషయంలో దాడుల కన్నా లెక్కలు ఎక్కువ పని చేస్తాయి. ఏ కంపెనీ ఏ ఆర్గనైజర్ దగ్గర ఎన్ని లాట్లు తిరస్కరించింది, ఆ విత్తనం ఏ నూనె మిల్లుకు ఏ తేదీన చేరింది అన్నది వ్యవసాయ శాఖ రాబట్టి, పోలీసులతోనూ అటు కర్నూలు, రాయచూరు అధికారులతోనూ పంచుకోవాలి. మిల్లుకు చేరని లాటు ఎక్కడో ఒకచోట రైతు చేలో తేలుతుంది. విత్తనం పుట్టుక నుంచి అమ్మకం దాకా క్యూఆర్ కోడ్‌తో వెతికే సాథీ పోర్టల్‌ను కేంద్రం 2023 ఏప్రిల్‌లో ప్రారంభించింది. పాసైన విత్తనం దారిని అది చూపగలదు. ఫెయిలైన విత్తనం దారిని మనుషులే పట్టుకోవాలి.

ఇంత పాకులాటలో రైతు ఎక్కడున్నాడు? ఒకసారి చండూరు దగ్గర కాయ పట్టని చేలో నిలబడి ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "పట్టుకున్నరు, పేపర్ల ఏసిన్రు. మరి నా పంట సంగతేంది తమ్మీ?" క్రిమినల్ కేసు గెలిచినా ఆయనకు పైసా రాదు. పరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఆ దారి రైతులకు ఉందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. విత్తనమంతా నాటేసిన రైతు పరీక్షకు గింజలు దాచి ఉంచలేదని కేసు కొట్టేయడం కుదరదని కూడా చెప్పింది. అక్కడ రైతుకు బలం బిల్లు, ఖాళీ ప్యాకెట్, చేను చూసి వ్యవసాయ అధికారి రాసిచ్చిన రిపోర్టు. ఆ రిపోర్టు, పోలీసుల దగ్గరున్న ల్యాబు కాగితం రెండూ కలిస్తే రైతు కేసు నిలబడుతుంది. ఇప్పుడు ఆ రెంటినీ కలపాల్సింది రైతే, బస్సెక్కి ఆఫీసుల చుట్టూ తిరిగి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి 90 రోజుల్లోగా పోలీసులు తెలియజేయాలి. ఫిర్యాదు ఇచ్చిన రైతులు ఈ మాట గట్టిగా అడగాలి.

దేవరకొండ రాత్రి నాటి ఏవో ఇప్పుడు మరో మండలంలో ఉన్నారు. పోయిన ఏడాది కలిసినప్పుడు తన బైకు డిక్కీ తెరిచి చూపించారు. లక్క కడ్డీలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, పురికొస, గుడ్డ సంచులు, ఇత్తడి సీలు, నోటీసు ఫారాలు ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టి ఉన్నాయి. ఆ మండలం ఎస్సై రాత్రి బయల్దేరే ముందు ఈయన ఇంటి ముందు జీపు ఆపి హారన్ కొడతాడట. ఎక్కడికని ఈయన అడగరు. చెప్పులు వేసుకుని, డిక్కీలోంచి ఆ కవరు తీసుకుని ఎక్కుతారు.